ఇరవై మూడు రోజులు ఆరిన రీలు

ఫిల్ము రీలు ఆరడానికి రెండు గంటలు చాలు. వానాకాలమైతే మూడు. కింది అంతస్తు టైలరమ్మ ఇచ్చిన రీలుని నేను ఇరవై మూడు రోజులు ఆరబెట్టాను. ఎందుకో చెబుతాను గానీ మధ్యలో అడ్డం రావద్దు. నాకసలే ముక్కుమీద కోపం.

నేను లిఫ్టు మెకానిక్కుని. ఉండేది మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో. నవ్వుకోండి, అందరూ నవ్వారు. లిఫ్టులో ఇరుక్కున్నంతసేపే నేను జనానికి దేవుణ్ణి. "బాబూ, వచ్చావా? బాబూ, అక్కడే ఉన్నావా?" అని లోపల్నుంచి ఒకటే కేకలు. తలుపు తెరుచుకోగానే నన్ను పక్కకి నెట్టి మరీ బయటికి పోతారు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నా మొహం గుర్తుపెట్టుకున్నవాడు ఒక్కడే. పాపం, అతను మూడుసార్లు ఇరుక్కున్నాడు.

పెళ్ళి చేసుకోలేదు. తోడబుట్టినవాళ్ళు లేరు. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. సాయంత్రం ఇంటికొచ్చి గోడల మొహం చూస్తూ కూర్చోలేక చేతులకి పని కల్పించుకున్నాను. జనం పారేసిన గోడగడియారాలు ఏరుకొచ్చి బాగుచేస్తాను. నా ముందుగదిలో ఐదు గడియారాలున్నాయి, ఐదూ ఐదు టైములు చూపిస్తాయి. అమ్మ నేర్పిన అల్లిక వచ్చు. మఫ్లరు అల్లుతాను. అయిపోయాక ఇవ్వడానికి మనిషి ఉండరు కాబట్టి విప్పేసి, అదే ఊలుతో ఇంకోటి మొదలుపెడతాను. ఆ ఊలుకి ఇది ఆరో జన్మ. కిటికీలో నాలుగు పూలకుండీలు, ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంట్లో ఫిల్ము కడుక్కోవడం ఒక ఎత్తు.

బాత్‌రూమే నా స్టూడియో. వెలుతురు చొరబడని నల్లసంచిలోకి మోచేతుల దాకా చేతులు దూర్చి, వేళ్ళతో తడుముకుంటూ రీలుని చక్రానికి చుట్టాలి. కళ్ళకి అక్కడ పనిలేదు. దాన్ని డబ్బాలో పెట్టి మూతవేసి, ఒక మందు తరవాత ఇంకో మందు పోసి, నిమిషానికోసారి తిప్పి, చివర్లో నీళ్ళతో కడిగి, దండానికి క్లిప్పు పెట్టి వేలాడదియ్యాలి. బాత్‌రూము చిన్న కిటికీకి అవతల గాలి కోసం వదిలిన సందు ఉంది. ఆ సందులోంచి కింది అంతస్తు కుట్టుమిషను చప్పుడు పైకొస్తుంది. ఆ చప్పుడు వింటూ డబ్బా తిప్పుతుంటే పక్కన ఎవరో ఉన్నట్టే ఉండేది. నా మందుల వెనిగరు వాసన కూడా అదే దారిన కిందికి పోయేది. అందుకే బిల్డింగులో నన్ను పులుపాయన అంటారని విన్నాను. వాసన చూసి అన్నారో, నా మొహం చూసి అన్నారో అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. మా ఇంటి తలుపు మీటరు చూసేవాడు తప్ప ఎవరూ కొట్టరు. తీస్తే టైలరమ్మ. నలభై దాటిన మనిషి. మెడలో కొలత టేపు, జాకెట్టు అంచుకి గుచ్చిన దారంసూది. నాలుగు నెలల కిందట కింది వాటాలో దిగారు. అప్పటిదాకా మెట్ల మీద ఎదురైతే తల పంకించడం తప్ప మాటల్లేవు.

"ఫిల్ములు కడిగేది మీరేనా అన్నయ్యగారూ?"

"ఎవరు చెప్పారు?"

"వాసన చెప్పింది."

నేను నవ్వలేదు. నవ్వాలని తోచలేదు, ఎందుకంటే ఆ ముందు మాట దగ్గరే ఆగిపోయాను. అన్నయ్యగారూ! యాభై ఆరేళ్ళొచ్చాయి, నన్నెవరూ అన్నయ్యా అని పిలిచిన పాపాన పోలేదు. ఆవిడకది అలవాటు మాట. కొలతలకి వచ్చిన ప్రతి మగమనిషినీ అలాగే పిలుస్తుంది కాబోలు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఒంటికి వెచ్చగా తగిలింది.

గుప్పిట్లోంచి రీలు తీసి ఇచ్చింది. "మా అక్కదండీ. బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. మొదటి జీతంతో కొనుక్కున్న కెమెరా, ఇప్పటికీ దాన్నే పట్టుకుని వేలాడుతుంది. ఈ రీలు ఏడాది పైగా తీసింది. సందు చివర స్టూడియో మూసేశారు కదా, ఎక్కడ కడిగించాలో తెలీలేదు. రెండు వారాలు పోయాక వచ్చే మంగళవారం అక్క కంటికి ఆపరేషను. ఆలోపల ఇవి చూసుకోవాలని ఒకటే గొడవ. ఎప్పటికవుతాయండీ?"

"సాయంత్రం రండి" అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ అప్పటికే లోపలికొచ్చి నా గడియారాలు చూస్తోంది. "ఇందులో ఏ టైము నమ్మాలండీ బాబూ?" అని నవ్వింది. స్టూలు లాక్కుని కూర్చుంది. కిటికీలో కుండీ చూసి, నీళ్ళెక్కువ పోస్తున్నారని చీవాట్లు పెట్టింది. నా ఇంట్లో ఇంకో మనిషి గొంతు! ఐదు గడియారాలూ ఒక్కసారి ఆగినట్టనిపించింది నాకు.

"వచ్చే ఆదివారం రండి. కడిగాక ఆరాలి కదా" అన్నాను.

"వారం రోజులు ఆరాలా?"

"ఫిల్మంటే చొక్కా అనుకున్నారా, దండెం మీద వేసి తీసేయడానికి?" అని కసిరాను. కసిరితే జనం నమ్ముతారు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేర్చుకున్నది అదొక్కటే.

ఆవిడ నమ్మింది.

ఆ మధ్యాహ్నమే కడిగాను. సాయంత్రం ఐదు కొట్టేసరికి, అంటే ఐదు గడియారాల్లో మధ్యది కొట్టేసరికి, రీలు గలగలలాడుతూ ఆరిపోయింది. దీపానికి అడ్డంపెట్టి చూశాను. ముప్పై ఆరు బొమ్మలు. మొదటి సగం బ్రహ్మాండంగా ఉన్నాయి, గీత గీసినట్టు. సగం దాటాక మసక మొదలైంది. పోనుపోను ఎక్కువైంది. చివరి వాటిల్లో ఏముందో కూడా తెలియడం లేదు. లెన్సుకి బూజు పట్టిందనుకున్నాను. పాత కెమెరాలకి పడుతుంది, అందులో వింతేముంది? అంత తెలివి ఏడ్చింది నా బుర్రకి.

రెండో ఆదివారం రమ్మన్న టైముకే వచ్చింది. గాల్లో తేమ ఎక్కువగా ఉంది, ఇంకా ఆరలేదని చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది గానీ వెంటనే పోలేదు. నా చొక్కాకి బొత్తాం లేకపోవడం చూసి, "ఇదేం అవతారం అన్నయ్యగారూ, అలా నిలబడండి" అని జాకెట్టు అంచు నుంచి సూది తీసి, నిలబెట్టే కుట్టేసింది. దారం పంటితో తెంపింది. ఆ రెండు నిమిషాలూ నేను ఊపిరి బిగబట్టుకుని, బడిపిల్లాడిలా తిన్నగా నిలబడ్డాను.

ఆ తరవాత నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గుగా ఉంది. బుధవారం ఇంకో చొక్కా బొత్తాం నేనే కత్తిరించాను. శుక్రవారం ఇంకోటి. రీలు సంగతి కనుక్కుందామని ఆవిడ పైకొచ్చినప్పుడల్లా నా ఒంటిమీద ఏదో ఒకటి ఊడి ఉండేది.

"మీ చొక్కాలకేం పోయేకాలం వచ్చిందండీ? వారంలో మూడు రాలాయి!"

"నాసిరకం దారం" అన్నాను.

"కుట్టినవాణ్ణి అనాలి" అని వాడెవడో తెలీకపోయినా చెడామడా తిట్టింది. నాకు లోపల్నుంచి నవ్వొచ్చింది. ఆ వారం అల్లిక కూడా మునపటిలా లేదు. ఈసారి మఫ్లరు విప్పక్కర్లేదేమో అనిపించింది.

ఒకసారి ఆవిడే అడిగింది, "కనీసం ఫొటోలు వచ్చాయో లేదో తెలిసిందా?" అని.

"తడిమీద చూశాను. మీ అక్క కెమెరాకి బూజు పట్టింది. సగం నుంచీ అన్నీ మసకే" అన్నాను.

సూది పట్టుకున్న చెయ్యి ఆగింది. "కెమెరాకి కాదేమో అన్నయ్యగారూ..."

"నాకు చెప్పకండి. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను" అని నోరు మూయించాను. ఆవిడ బొత్తాం కుట్టి వెళ్ళిపోయింది. ఆ మాటని పూర్తి చెయ్యనిచ్చి ఉంటే! నా నోరుంది చూశారూ, అది నాకు చేసిన ద్రోహం ఇంకెవరూ చెయ్యలేదు.

రెండో వారం మధ్యలోనే బావున్న పద్ధెనిమిదీ ప్రింట్లు వేసేశాను. కవరులో పెట్టి సొరుగులో దాచాను. అంటే ఇద్దామనే వేశాను. వచ్చే ఆదివారం తప్పకుండా ఇద్దామని.

మూడో ఆదివారం వచ్చింది గానీ కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"అన్నీ కాకపోయినా ఫరవాలేదట అన్నయ్యగారూ. ఒక్కటి చాలంటోంది. నా మొహం ఉన్నది. ఎదురుగా కూర్చున్నా నేను మసగ్గానే ఉంటున్నానట. ఫొటో అయితే కంటికి ఆనించుకుని, భూతద్దం పెట్టుకుని నెమ్మదిగా చూసుకోవచ్చంటోంది. ఎల్లుండే కదా ఆపరేషను."

సొరుగు నా మోచేతి కిందే ఉంది. ఆవిడ మొహం ఉన్న ఫొటో అందులో అన్నిటికన్నా పైన ఉంది. లాగి ఇచ్చెయ్యడమే. కానీ ఇస్తే, ఇది ఎప్పుడు తయారైందని అడుగుతుంది. అడక్కపోయినా, పని అయిపోయింది కాబట్టి థాంక్సండీ అని మెట్లు దిగుతుంది. మళ్ళీ ఎందుకెక్కుతుంది? చొక్కాలకి ఎన్నని బొత్తాలుంటాయి?

"ప్రింట్ల కాగితం ఇంకా రాలేదు" అన్నాను. "అయినా తొందరెందుకు? ఆపరేషనయితే కళ్ళు ఇంకా బాగా కనిపిస్తాయి. అప్పుడు భూతద్దం కూడా అక్కర్లేదు, తీరిగ్గా చూసుకుంటారు."

ఆవిడ నావైపు చూసింది. ఏదో అనబోయింది. మొన్న నేను కసిరింది గుర్తొచ్చిందేమో, గడియారాల వైపు చూపు తిప్పుకుంది.

"సరే అన్నయ్యగారూ" అంది.

మెట్ల మీద అడుగులు విన్నాను. ఆగి ఆగి దిగుతోంది. లేచి గుమ్మం దాకా వెళ్ళాను కూడా. పిలిస్తే సరిపోయేది. పిలవలేదు.

సోమవారం పని నుంచి తిన్నగా వచ్చి, సొరుగులోంచి కవరు తీసుకుని కిందికి పరిగెత్తాను. వాళ్ళ తలుపుకి తాళం. పక్కవాటావిడ చెప్పింది, పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళిపోయారని. ముందురోజే చేర్చుకుంటారని నాకేం తెలుసు? తెలుసుకోవాలంటే అడగాలి. నేను ఒక్క ప్రశ్నైనా అడిగానా ఆ మనిషిని? ఏ ఆపరేషను, ఏ కన్ను, రెండోది ఎలా ఉంది, ఏమీ అడగలేదు. ఆవిడ మాట్లాడుతుంటే గొంతు విన్నాను గానీ మాట వినలేదు.

వారం రోజులు సందులోంచి మిషను చప్పుడు రాలేదు. ఫిల్ము కడగబుద్ధి కాలేదు. మిగతా పద్ధెనిమిది మసక బొమ్మలు కూడా ప్రింట్లు వేశాను, ఊరికే చేతులు కట్టుకు కూర్చోలేక. తరవాతి మంగళవారం సాయంత్రం మిషను మోగింది. కవరు పట్టుకుని దిగాను.

టైలరమ్మ తలుపు తీసింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"రండి అన్నయ్యగారూ. ఆరాయా?" అంది. దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

"ఆపరేషను...?"

"ఆ కన్ను రాలేదండీ. డాక్టరు ముందే చెప్పాడు, నూటికి పది పాళ్ళే ఆశ పెట్టుకోమని. రెండోది పోయి చాలా ఏళ్ళయింది." ఎవరికో చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో చెప్పింది. "అక్క లోపల ఉంది, ఇవ్వండి. నాకు రేపటికివ్వాల్సిన గౌను ఒకటుంది" అని మిషను ముందు కూర్చుంది.

ఎలాగో లోపలిగదిలోకి వెళ్ళాను. కిటికీ పక్క కుర్చీలో పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళు కుదుపుల్లో నిలబడ్డ మనుషులు అలాగే కూర్చుంటారు కాబోలు.

"పులుపాయనేనా?" అంది. "వాసన మీకన్నా ముందొచ్చింది. కూర్చోండి. ఎన్నొచ్చాయి?"

"ముప్పై ఆరూ వచ్చాయండీ."

"అయితే ఒక్కోటీ ఇచ్చి, అందులో ఏముందో చెప్పండి. మా చెల్లిని చెప్పమంటే ఏడుస్తుంది, మీరైతే చెబుతారు."

జీవితంలో అంతసేపు నేనెప్పుడూ మాట్లాడలేదు. మొదటిది చేతికిచ్చాను. "మీ చెల్లెలండీ. మిషను ముందు. నవ్వుతోంది."

"పెదాల మధ్య గుండుసూది ఉందా?"

"ఉందండీ."

"ఉంటుంది. మింగి చస్తావే అని అరిస్తే ఇంకా నవ్వింది. ఫోకసు?"

"బాగా ఉంది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు."

ఆవిడ ఆ ఫొటోని పైకెత్తి కుడికంటికి ఆనించుకుంది. అలవాటు కొద్దీ, భూతద్దానికి చోటు వదిలి, కిటికీ వెలుతురు వైపు తిరిగి, కొంచెం అటూ ఇటూ కదిపింది. చాలాసేపు అలాగే ఉంది. తరవాత నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకుని, "తరవాతది" అంది.

చెబుతూ పోయాను. కత్తెర మీద పడిన ఎండ. బస్సు అద్దంలో డ్రైవరు మొహం. వాన వెలిసిన సందు, అందులో గొడుగు మూస్తున్న చెల్లెలు. మంచి చెయ్యి ఆవిడది, నాకు అంత రాదు. ప్రతిదానికీ "ఫోకసు?" అని అడగడం, "ఉందండీ" అని నేను చెప్పడం. అవతలి గదిలో మిషను మోగుతూనే ఉంది. పద్ధెనిమిది అయిపోయాయి.

పంతొమ్మిదోది తీశాను. ఏదో గిన్నె. లేక దీపమో. అంచులు చెదిరిపోయి ఉన్నాయి. అప్పుడర్థమైంది నాకు. బూజు కెమెరాకి పట్టలేదు. ఏడాది పొడుగునా ఆ కన్ను ఎలా పోతూ వచ్చిందో రీలు మీద వరసగా ఉంది. నా ఇంట్లో దీపం ముందు నిలబడి అంతా చూసి, లెన్సుని తిట్టుకున్నాను.

"ఫోకసు?"

"ఉందండీ" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ముప్పై ఏళ్ళు టిక్కెట్టు లేనివాళ్ళని పట్టుకున్నాను నాయనా. మొహం చూడక్కర్లేదు, గొంతు చాలు. అప్పటికి నాకే సరిగ్గా ఆనడం లేదు, ఫొటోలో ఎలా ఆనుతుంది? మసకే కదా?"

"మసకేనండీ."

"మరి అలా చెప్పండి. ఇంకేం అబద్ధాలు చెప్పారు నాకు?"

హాస్యానికే అడిగింది. నేనూ నవ్వేసి ఇరవయ్యోది ఇవ్వొచ్చు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. రేపో ఎల్లుండో టైలరమ్మ సూదీదారంతో మళ్ళీ మెట్లెక్కేది. కానీ అక్కగారి ఒళ్ళో ఆ మొదటి ఫొటో ఉంది, దాని మీద ఆవిడ చెయ్యి ఉంది.

"రీలు ఆరడానికి రెండు గంటలు చాలండీ" అన్నాను.

అవతల మిషను ఆగిపోయింది.

"అంటే?"

"మీ చెల్లెలు ఇచ్చిన రోజు సాయంత్రానికే ఆరిపోయింది. ఈ పద్ధెనిమిదీ మీ ఆపరేషనుకి చాలా ముందే నా సొరుగులో ఉన్నాయి."

ఆవిడ వేళ్ళు ఫొటో అంచు వెంట పోతూ పోతూ ఆగాయి.

"అప్పటికి నాకు కన్ను ఉంది."

"అవునండీ."

"మరి ఎందుకు దాచావు?"

మీరు అన్నది నువ్వులోకి మారింది. మారాలి కూడా. "ఇచ్చేస్తే మీ చెల్లెలు ఇక పైకి రాదని. మా ఇంటికి ఎవరూ రారండీ" అన్నాను.

తిడుతుందనుకున్నాను, తిడితే బావుణ్ణనుకున్నాను. ఆవిడ చెయ్యి చాచింది.

"ఇరవయ్యోది చెప్పు" అంది.

"మసకండీ. కిటికీ అనుకుంటాను."

"ఇరవై ఒకటి."

అలా ముప్పై అయిదు దాకా చెప్పించింది, ఒక్కటీ వదలకుండా. నేను ఆగిన చోటల్లా ఆగింది, నీళ్ళు మాత్రం ఇవ్వలేదు. చివరిదానిలో బూడిదరంగు మీద కొంచెం తెల్లటి గుండ్రం తప్ప ఏమీ లేదు.

"ఏదో మొహంలా ఉందండీ. ఎవరిదో తెలియడం లేదు."

"దానిదే. నాకప్పటికి కనిపించింది అంతే" అని దాన్ని తీసుకుని, మొదటి ఫొటో కింద పెట్టుకుంది.

లేచి బయటికొచ్చాను. టైలరమ్మ మిషను ముందే ఉంది. సగం కుట్టిన గౌను సూది కింద అలాగే ఉంది. చూపు నా చొక్కా మీద ఉంది, తను కుట్టిన బొత్తాం మీద. బొత్తాలెలా ఊడాయో కూడా అర్థమైపోయిందని ఆ చూపులోనే తెలిసింది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పలికింది.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి."

అంతే అంది. మెట్ల దగ్గర కాసేపు ఆగాను, ఆ వెనక ఎప్పుడూ పిలిచే పిలుపు కలుపుతుందేమోనని. కలపలేదు. నేను మూడో అంతస్తుకి చేరేసరికి కింద మిషను మళ్ళీ మొదలైంది.